తిమింగలానికి చోటు

మ్యూజియం వెనక, సభల హాలును ఆనుకుని ఒక పొడవాటి సామాన్ల గది ఉంది. పూర్వం అది బళ్లు నిలిపే కొట్టమట. అందుకే దాని తలుపులు మామూలు తలుపుల్లా ఉండవు. రెండు రెక్కలూ బార్లా తీస్తే ఓ లారీ వెనక్కి వచ్చి లోపల నిలబడగలదు. ఆ గదిని ఇద్దరు వాడుకునేవారు. సగంలో ఎముకలక్క పెట్టెలు, సగంలో మేనేజర్ కుర్చీలు. ఎవరి సగం ఎక్కడ ఆగుతుందన్న దగ్గరే తగాదా అంతా వచ్చింది.

ఎముకలక్క అసలు పేరు హాజరుపట్టీలో తప్ప మరెక్కడా వినబడదు. చచ్చిన జంతువుల ఎముకలు శుభ్రం చేయడం, విరిగినవి అతకడం, తీగలతో కూర్చి అస్థిపంజరాన్ని నిలబెట్టడం ఆవిడ పని. ఆ చదువే చదివి, కోరి తెచ్చుకున్న ఉద్యోగం. ఆవిడ కూర్చిన గుర్రం, మొసలి, నిలువెత్తు పక్షి ఒకటి పై అంతస్తులో అద్దాల వెనక ఉన్నాయి. సిటీ బస్సు నడిపే వాళ్లాయన, "మా ఇంట్లో గొడవ పెట్టుకోవాలంటే నాకు భయంరా. నా ఒంట్లో ఏ ఎముక ఎక్కడుందో నాకంటే తనకే బాగా తెలుసు" అని తోటి డ్రైవర్ల దగ్గర జోకులేస్తుండేవాడు.

మేనేజర్ కొత్తగా వచ్చినవాడు. అంతకుముందు ఎక్కడో పెద్ద ఫంక్షన్ హాలు నడిపాడు. మనిషి చెడ్డవాడేం కాదు, పైగా పని రాక్షసుడు. మ్యూజియం చూడ్డానికి వచ్చేవాళ్లు పలచబడిపోయాక, సభల హాలును మీటింగులకీ పార్టీలకీ అద్దెకిచ్చి, కారుతున్న పైకప్పు బాగు చేయించింది ఆయనే. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు అటూ ఇటూ చూసి, ఇక్కడ ఎన్ని కుర్చీలు పడతాయా అని మనసులో లెక్క వేసుకునేవాడు. అందుకే చాటున అందరూ ఆయన్ని కుర్చీల సారు అనేవారు. ఆయనకి కావలసిందల్లా ఆ కుర్చీలకీ, స్టేజీ చెక్కలకీ, తివాచీలకీ కాస్త చోటు.

ఆ చోటులో తిమింగలం ఉంది.

ఎముకలక్క పుట్టకముందు ఊరి ఒడ్డుకి కొట్టుకొచ్చిన తిమింగలం అది. అప్పటి మ్యూజియం వాళ్లు మాంసమంతా కోసి తీసేసి, ఎముకలు ఎండబెట్టి, గడ్డి చుట్టి, పెద్దపెద్ద చెక్కపెట్టెల్లో సర్ది మేకులు కొట్టేశారు. తలకాయ ఏ పెట్టెలోనూ పట్టక చక్రాల బల్ల మీద పెట్టి టార్పాలిన్ కప్పారు. త్వరలో నిలబెడదామనుకున్నారు. ఆ త్వరలో అన్నది రానేలేదు. వాళ్లంతా రిటైరయ్యారు, కొందరు పోయారు కూడా. ఎముకలక్క సైతం ముందున్న రెండు మూడు పెట్టెలు తప్ప విప్పి చూడలేదు. విప్పితే పరచాలి. పరచడానికి నేల ఏదీ?

మేనేజర్ మొదట మర్యాదగానే అడిగాడు.

"మేడమ్, మీ పెట్టెలు కాస్త గోడవైపు జరిపించుకోండి. మా కుర్చీలు వరండాలో వానకి నానుతున్నాయి."

"జరిపితే ఒకదాని మీద ఒకటి ఎక్కించాలి సార్. కిందవి నలిగిపోతాయి."

"లోపల ఉన్నవి ఎముకలేగా?"

"మీవి చెక్కముక్కలేగా అని నేనంటే ఎలా ఉంటుంది?"

మేనేజర్ మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. మర్నాటికి గది మధ్యలో నేల మీద పచ్చరంగు టేపుతో ఒక గీత వెలిసింది. గీసింది మేనేజరే. కొన్నాళ్లకి ఆ గీత దాటిందీ ఆయన కుర్చీలే. ఒక వరస, దాని వెనక ఇంకో వరస, చాప కింద నీరులా వచ్చి పెట్టెల నడుమ ఇరుక్కున్నాయి. ఎముకలక్క రోజూ పొద్దున్నే వచ్చి వాటిని గీత అవతలికి నెట్టేది. సాయంత్రానికి అవి మళ్లీ ఇవతలికి వచ్చేవి. ఇద్దరూ ఎదురుపడితే పలకరింపుల్లేవు. కొరకొరా చూసుకుని తప్పుకునేవారు.

ఎండలు ముదిరాక సంగతి ముదిరింది. తిమింగలం ఎముకల్లో నూనె ఉంటుంది. ఎన్ని సంవత్సరాలు గడిచినా, వేడి పెరిగితే అది చెమటలా పైకి ఊరుతుంది. పెట్టెల సందుల్లోంచి కారిన ఆ నూనె, గీత దాటొచ్చిన కుర్చీల తెల్లటి తొడుగులకి అంటుకుంది. చూసుకోకుండా వాటినే ఒక పార్టీకి వేశారు. అతిథులు ముక్కులు మూసుకున్నారు. ఒకావిడ కొత్త బట్టల మీద పసుపచ్చని మరక పడింది.

మేనేజర్ సరాసరి ఎముకలక్క పనిగదిలోకి వచ్చి, చేతిలోని తొడుగు బల్ల మీద పడేశాడు.

"మేడమ్, మీ చేప నా పరువు తీసింది!"

"అది చేప కాదు సార్."

"కంపు మాత్రం చేపదే!"

"గీత దాటి వచ్చింది మీ కుర్చీలు. దాని చెమట దాని చోటులోనే ఉంది."

"చచ్చిన జంతువుకి చోటేమిటండీ? బతికున్నవాళ్లకి ఇక్కడ దిక్కులేదు! ఆ హాలు నడవకపోతే ఈ మ్యూజియానికి తాళమే. అప్పుడు మీ ఎముకలు ఎక్కడ పెట్టుకుంటారు?"

ఆ మాట నిజమని ఎముకలక్కకీ తెలుసు. తెలియడం వల్లే కోపం రెట్టింపయింది. ఆ మధ్యాహ్నం సామాన్ల గదిలోకి వెళ్లేసరికి, టార్పాలిన్ కప్పిన తలకాయ మీద తివాచీల చుట్టలు దొంతరగా పేర్చి ఉన్నాయి. ఇంకేం ఆలోచించలేదు. చీర కొంగు దోపుకుని, ఒక్కో చుట్టా ఈడ్చుకెళ్లి వరండాలో పడేసింది. సాయంత్రం వాన దంచికొట్టింది. తివాచీలు ముద్దముద్దయ్యాయి.

మర్నాడు ఆవిడ తాళంచెవి సామాన్ల గది తాళంలో తిరగలేదు. మేనేజర్ కొత్త తాళం వేయించాడు.

ఎముకలక్క ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడింది. ఏడుపొచ్చినంత పనైంది. మేడ మీదికెళ్లి డైరెక్టర్ గారి గది తలుపు తోసింది.

డైరెక్టర్ గారు నెమ్మదైన పెద్దావిడ. ఆవిడకి పంచాయితీలంటే ఒళ్లుమంట. మేనేజర్‌ని కూడా పిలిపించి, ఇద్దరి మాటా వింది. తివాచీల కథా, తాళం కథా విన్నాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇద్దరూ చిన్నపిల్లలేం కాదుగా? సరే. ఒక్క మాట అడుగుతాను. ఆ పెట్టెల్లో ఉన్నది పూర్తి తిమింగలమేనా?"

"అనుకుంటున్నానండీ."

"అనుకోవడం కాదమ్మా. విప్పి చూడండి. పూర్తిగా ఉంటే గది ఆ తిమింగలానిది. సగం సగం ముక్కలైతే యూనివర్సిటీ వాళ్లు అడుగుతున్నారు, ఇచ్చేద్దాం. గది మేనేజర్ గారిది. మళ్లీ దీని మీద నా దగ్గరికి రావద్దు."

"విప్పాలంటే నేల కావాలండీ."

డైరెక్టర్ గారు మేనేజర్ వైపు చూసింది. ఆయన కాసేపు గింజుకుని, "సోమవారం హాలు ఖాళీ" అన్నాడు.

ఇంటికెళ్లి ఆ సంగతంతా చెబితే వాళ్లాయన తెల్లబోయాడు.

"పూర్తిగా ఉందో లేదో నీకే తెలియకుండా ఇన్నాళ్లూ కొట్లాడావా?"

"తెలియదు కాబట్టే కొట్లాడాను. ఏముందో చూడకుండానే ఎలా వదిలేయను?"

ఆవిడ కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోతే, వాళ్లాయన కంచం కాస్త దగ్గరికి జరిపి, "తిను ముందు" అన్నాడు.

సోమవారం పొద్దున్న హాలులో ఒక్క కుర్చీ లేదు. నేలకి గీతలు పడతాయని, నూనె మరకలవుతాయని మేనేజర్ ముందే ప్లాస్టిక్ పట్టాలు పరిపించాడు. తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నేల కాపలాకి. మ్యూజియం వడ్రంగి మేకులు పీకడానికి వచ్చాడు. ఆయన్ని అందరూ బాబాయి అంటారు. కుర్చీలు మోసే మనుషులు తలకాయ ఉన్న చక్రాల బల్లని కిర్రుకిర్రుమనిపిస్తూ తోసుకొచ్చి హాలు ఒక చివర నిలిపారు.

ఎముకలక్క టార్పాలిన్ లాగింది.

అది తలకాయలా లేదు. బోర్లించిన పడవలా ఉంది. రంగు పాతబడ్డ దంతంలా, ముందుకి సాగి సాగి కొసదేరి, వెనక వెడల్పుగా, ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకోగలిగినంత ఉంది. కళ్లుండే గుంటలు ఎక్కడో పక్కలకి, కిందికి ఉన్నాయి. కుర్చీలు మోసేవాళ్లలో ఒకడు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇన్నాళ్లూ దీని పక్కనేనా మేం బీడీలు కాల్చుకుంది" అన్నాడు వాడు గొణుగుతున్నట్టు.

"గదిలో బీడీలా?" అన్నాడు మేనేజర్. కానీ ఆయన చూపు తలకాయ మీదనుంచి కదల్లేదు.

దవడ ఎముకలు రెండూ ఒక్కోటి నలుగురు మోస్తే గానీ రాలేదు. విల్లులా వంగిన ఆ రెండింటినీ తలకి అటొకటి ఇటొకటి పెట్టేసరికి నోరు తెరుచుకుంది. ఆ నోట్లో హాలు స్టేజీ సగం పట్టేలా ఉంది. తర్వాత వెన్నుపూసలు. ఒక్కో పెట్టె విప్పుతుంటే ఎండుగడ్డి వాసన, దాని వెనక నూనె వాసన. మెడవి పలచటి పళ్లేల్లా ఉన్నాయి. ఆ తర్వాతవి ఒక్కోటి రోలంత, పక్కలకి రెక్కలు చాచి ఉన్నాయి. ఎముకలక్క ఒక్కోదాన్నీ తిప్పి చూసి, ముందుదాని అంచుకి ఆనించి, కుదరకపోతే పక్కన పెట్టి, ఇంకోటి తీసి, మెల్లగా వరస కూర్చుతోంది. ఆవిడకీ అది కొత్తే. పుస్తకాల్లో బొమ్మలు చూసింది తప్ప ఇంత పెద్దదాన్ని ఎన్నడూ చేత్తో పట్టుకోలేదు. రెండుసార్లు తప్పుగా పేర్చి, మళ్లీ తీసి పేర్చింది.

ఒక పూసని ఒంటరిగా ఎత్తబోయి ఆవిడ తూలింది. అటువైపు నుంచి రెండు చేతులొచ్చి పట్టుకున్నాయి. మేనేజర్.

"వదలండి సార్, మీ చొక్కాకి నూనె అవుతుంది."

"అయితే అయింది. ఎటు పెట్టాలి? ఈ ముక్కు పైకా, కిందికా?"

"పైకి. అది వీపు వైపు."

అలా మొదలైంది. ఆయన నేల కాపలా మాటే మరిచిపోయాడు. పక్కటెముకలు వచ్చేసరికి చొక్కా చేతులు పైకి మడిచాడు. ఒక్కోటి మనిషికంటే పొడుగ్గా, కొడవలిలా వంగి ఉన్నాయి. వాటిని అటూ ఇటూ పరిచాక ఎముకలక్క ఆ వరసల మధ్యలోకి నడిచి వెళ్లి నిలబడింది. ఆవిడ చుట్టూ ఒక గది ఉన్నట్టుంది. గోడలు ఎముకలవి.

"దీని గుండె ఎక్కడుండేది?" అడిగాడు మేనేజర్.

"ఇక్కడే. ఇప్పుడు నేను నిలబడ్డ చోట."

ఆయన ఆవిడ కాళ్ల దగ్గరున్న నేలని చూశాడు. అక్కడ ఆయన మామూలుగా రెండు వరసల కుర్చీలు వేయిస్తాడు.

ఈతరెక్కల పెట్టె విప్పేటప్పుడు ఆయన పక్కనే చతికిలపడ్డాడు. ఎముకలక్క పొట్టి లావుపాటి చేతి ఎముక పెట్టింది. దాని కింద జంటగా రెండు. వాటి కింద చిన్నచిన్న గుండ్రాళ్ల లాంటివి. ఆ కింద వేళ్లు, ఒక్కో కణుపే తీసి వరసగా. పేర్చడం అయ్యేసరికి మేనేజర్ తన కుడిచెయ్యి చాపి దాని పక్కన పెట్టాడు.

"ఇది చెయ్యేగా మేడమ్?"

"చెయ్యే."

"రెక్క అనుకున్నాను. పైన తోలు ఉంటే రెక్కలా కనబడుతుంది, లోపల చెయ్యా? మోచెయ్యీ, మణికట్టూ, వేళ్లూ... నాకున్నట్టే?"

"మీకున్నట్టే. వేలు ఒకటి తక్కువ, అంతే. వీటి పూర్వీకులు ఒకప్పుడు నేల మీద నడిచేవి సార్. ఇదుగో, ఇది చూడండి."

గడ్డిలోంచి ఆవిడ తీసింది జానెడు ఎముక, వంకరగా, దేనికీ అతకనట్టు. "కాళ్లు పోయాయి. కాళ్లు తగిలించుకునే ఎముక మాత్రం ఇంకా మిగిలుంది. ఒంట్లో ఎక్కడో లోపల, ఊరికే."

మేనేజర్ దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. కుర్చీల లెక్క వేసినట్టు పెదాలు కదిపాడు గానీ, ఈసారి లెక్క తేలినట్టు లేదు. "ఎన్నాళ్ల కిందట?" అని అడిగి, ఆవిడ చెప్పబోతుంటే, "వద్దులెండి. చెప్పినా నా బుర్రకి ఎక్కదు" అన్నాడు.

తోక వైపు పూసలు చిన్నవవుతూ వచ్చాయి. కానీ హాలు అయిపోయింది. గోడ దగ్గరికొచ్చి వరస ఆగింది, ఇంకా పెట్టె నిండా ఉన్నాయి.

"తలుపు తీయండి" అన్నాడు మేనేజర్.

హాలు చివరి తలుపులు తెరిచారు. వెన్ను గడప దాటి వరండాలోకి నడిచింది. చివరి పూస పిడికిలంత. దాన్ని ఎముకలక్క వరండా అంచున, మెట్ల దగ్గర పెట్టింది. లేచి నడుం పట్టుకుని వెనక్కి తిరిగి చూసింది. తలుపుల్లోంచి, హాలంతా దాటి, అవతలి చివర తలకాయ దాకా ఒకే గీత. మధ్యాహ్నపు వెలుగు కిటికీల్లోంచి పక్కటెముకల మీద పడి, నేల మీద వాటి నీడలు ఇంకో వరసగా పడ్డాయి.

ఇన్ని సంవత్సరాలు ఈ పెట్టెలని జాగ్రత్త చేసింది, వాటి కోసం కొట్లాడింది, ఆవిడకి పెట్టెలే కనబడ్డాయి తప్ప ఇది కనబడలేదు. తను కాపాడుతున్నది ఇంత అని తనకే తెలియదు. ఆ జంతువు నీళ్లలో ఒక్కసారి ఒళ్లు విరుచుకుంటే ఎలా ఉండేదో అనుకుంటూ మెట్టు మీద కూర్చుండిపోయింది.

"పూర్తిగా ఉన్నట్టేనా?" బాబాయి అడిగాడు.

"పూర్తిగా ఉంది బాబాయ్."

"మరి ఈ పెట్టె ఏంటమ్మా?"

బాబాయి చేతిలో చిన్న పెట్టె ఉంది, ట్రంకుపెట్టెంత. అదీ అవే మేకులతో బిగించి ఉంది. ఎముకలక్క దాన్ని ఎప్పుడూ చూడలేదు.

మేనేజర్ గతుక్కుమన్నాడు. "అది... నేనే పక్కకి తెప్పించాను. బ్యానర్లు కట్టడానికి దాని మీదే ఎక్కుతున్నాం. ఖాళీ పెట్టె అనుకున్నాను."

మూత ఊడింది. లోపల గడ్డి లేదు. దూది ఉంది. ఎవరో పొరలు పొరలుగా, ఎంతో ఓపిగ్గా సర్దిన దూది. ఎముకలక్క మొదటి పొర ఎత్తింది. గుండీలంత వెన్నుపూసలు. గొడుగు ఊచల్లాంటి పక్కటెముకలు. పలచటి పెంకుల్లా విడివిడిగా పుర్రె ముక్కలు.

"ఇదేదో డాల్ఫిన్ అయ్యుంటుంది" అంది ఆవిడ. "ఇందులో ఎందుకు పెట్టారో మరి."

తర్వాతి పొర కింద దవడ దొరికింది. డాల్ఫిన్ దవడ తిన్నగా, పళ్ల గుంటలతో ఉండాలి. దీనికి ఒక్క గుంటా లేదు. విల్లులా వంగి ఉంది. ఎముకలక్క తల తిప్పి, హాలు అవతలి చివరనున్న పెద్ద దవడ వైపు చూసింది. మళ్లీ చేతిలోనిది చూసింది. అచ్చుగుద్దినట్టు అదే. దవడని దూదిలో పెట్టేసింది, జారిపోతుందేమోనని.

"ఏమైంది మేడమ్?"

"పిల్ల" అంది ఆవిడ.

"దీని పిల్లా? పక్కనే దొరికిందా?"

"పక్కన కాదు సార్. ఇంత చిన్నది బయట బతకదు. ఎముకలింకా అతుక్కోనైనా లేదు, ముక్కలు ముక్కలుగానే ఉంది చూడండి. ఇది పుట్టలేదు."

అర్థం కావడానికి మేనేజర్‌కి కాసేపు పట్టింది. ఆయన మెల్లగా లేచి నిలబడ్డాడు. హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకున్న ఆ శరీరాన్ని చూశాడు. మాట్లాడేటప్పుడు గొంతు బాగా తగ్గించాడు, ఎవరో పక్కగదిలో నిద్రపోతున్నట్టు.

"అంటే... ఈవిడ ఒట్టి మనిషి కాదా?"

ఎవరూ నవ్వలేదు. కుర్చీలు మోసేవాళ్లు ఒక్కొక్కరే దగ్గరికొచ్చి నిలబడ్డారు. బాబాయి సుత్తి నేల మీద చప్పుడు కాకుండా పెట్టాడు.

"ఎక్కడ పెడదాం?" అడిగాడు మేనేజర్.

"అది ఉన్న చోటే."

ఎముకలక్క పక్కటెముకల వరస దాటి, నడుం వైపు, వెన్ను పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. మేనేజర్ చెప్పులు విడిచి, పెట్టె ఎత్తుకుని వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆయన ఒక్కోటి తీసి అందిస్తుంటే ఆవిడ పేర్చింది. తల్లి తోక వైపుకి బిడ్డ తల వచ్చేలా పెట్టాలా, తల వైపుకా అన్నది ఆవిడకి తెలియదు. ఆ మాటే పైకి అంది. మేనేజర్ ఆలోచించి, "తల్లి తల వైపుకే పెట్టండి. ఇద్దరూ ఒకే దిక్కుకి వెళ్తున్నట్టుంటుంది" అన్నాడు. అలాగే పెట్టారు. చివర్లో దూదిలో మిగిలిన గింజల్లాంటివి బిడ్డ వేళ్ల కణుపులు. ఎముకలక్క వాటిని చిమటాతో తీసి వరసగా పరిచింది. అరచేతిలో ఇమిడే చెయ్యి తయారైంది. రోలంత పూసల నీడలో ఆ చెయ్యి తెరిచి ఉంది.

ఆ సాయంత్రం డైరెక్టర్ గారు ఊళ్లో లేరు. మర్నాడు హాలులో రిటైర్మెంటు సభ ఒకటి ఉంది. మేనేజర్ వరండాలోకి వెళ్లి వాళ్లకి ఫోను చేయడం ఎముకలక్క విన్నది.

"హాలు ఇవ్వలేనండీ, ఏమీ అనుకోకండి... అలా కాదండీ... లోపల ఒకావిడ ఉన్నారు. కదిలించే పరిస్థితి కాదు... ఆఁ, ఒట్టి మనిషి కాదు. పెరట్లో షామియానా వేయించి, కుర్చీలు దగ్గరుండి నేనే సర్దిస్తాను. మీకేం లోటు రానివ్వను."

రిటైర్మెంటు సభ పెరట్లోనే జరిగింది. వచ్చినవాళ్లు ఆ ఒకావిడ ఎవరని అడిగి, హాలులోకి తొంగిచూశారు. చూసినవాళ్లు ఇళ్లకెళ్లి చెప్పారు. మర్నాటి నుంచి గేటు దగ్గర జనం కనబడసాగారు. చెప్పులు విప్పమని ఎక్కడా రాసిపెట్టలేదు, మాట్లాడొద్దని ఎవరూ అనలేదు. అయినా గలగలా కబుర్లాడుకుంటూ మెట్లెక్కినవాళ్లు గడప దగ్గరికొచ్చి తోక చివర చూసేసరికి తగ్గిపోయేవారు. అక్కణ్నించి తల దాకా నడిచేసరికి పూర్తిగా మాటలు ఆగిపోయేవి. పిల్ల దగ్గర మాత్రం ప్రతివాళ్లూ వంగేవారు. ఎముకలక్క వాళ్లాయన డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే వచ్చాడు. తన బస్సు కంటే పొడుగుందేమో చూద్దామని తోక నుంచి అడుగులు వేసుకుంటూ బయల్దేరాడు. పిల్ల దగ్గర ఆగి, ఎన్నడుగులయ్యాయో మరిచిపోయాడు. యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్లు చిన్న ఎముకలని పరీక్షించి, ఎముకలక్క అనుకున్నది నిజమేనన్నారు.

డైరెక్టర్ గారు ఊరి నుంచి వచ్చి చూసి, చాలా సంతోషపడింది. ఇద్దరినీ హాలులోకి పిలిచింది.

"ఇంత మంచిదాన్ని నేల మీద పెట్టడమేంటి? ఇనుపతీగలతో పైకప్పుకి వేలాడదీద్దాం. ఈదుతున్నట్టు కనబడుతుంది. కింద హాలు మేనేజర్ గారికి ఖాళీగా ఉంటుంది. ఇద్దరి గొడవా తీరిపోతుంది."

ఎముకలక్క మేనేజర్ వైపు చూసింది. ఆయనకి అంతకంటే ఏం కావాలి? హాలుకి హాలు, గదికి గది దక్కుతాయి. వద్దని ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటోంది.

"వద్దండీ" అన్నాడు మేనేజర్.

డైరెక్టర్ గారు ఆశ్చర్యంగా చూసింది. "ఎందుకు వద్దు?"

"పైన వేలాడదీస్తే పెద్దావిడ కనబడుతుంది, నిజమే. బిడ్డ ఎవరికి కనబడుతుందండీ? మెడలు ఎత్తి చూస్తే పెద్ద ఎముకలే అడ్డం వస్తాయి. కింద ఉంటేనే పక్కన కూర్చుని చూడొచ్చు."

"ఆ చిన్న ఎముకలు తీగ బరువు కూడా ఆగవండీ" అంది ఎముకలక్క వెంటనే. "పొడైపోతాయి."

"మరి మీ మీటింగులు?"

"సామాన్ల గదికీ వరండాకీ మధ్య గోడ తీయించేద్దాం. కొట్టమూ వరండా కలిపితే ఆవిడకి చోటు సరిపోతుంది, నేను నడిచి చూసుకున్నాను. తోక కూడా లోపలికే వస్తుంది. హాలు మళ్లీ హాలే."

"కుర్చీలు?"

మేనేజర్ తల గోక్కున్నాడు. "అదే ఇంకా తేలలేదు. పెరట్లో రేకుల షెడ్డు వేయించాలి. అప్పటిదాకా మేడమ్ పనిగదిలో ఓ మూల..."

"ఓ మూలంటే ఎంత మూల?" అంది ఎముకలక్క.

"అది తర్వాత మాట్లాడుకుందాం లెండి."

డైరెక్టర్ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత బిడ్డ వైపు నడిచింది. ఆ వయసులో ఆవిడకి కింద కూర్చోవడం కష్టం. ఎముకలక్క భుజం పట్టుకుని, ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు మెల్లగా మోపి, తల వంచి చూసింది. ఆవిడ ఊపిరి తగిలి బిడ్డ పక్కటెముకల మీది సన్నటి దూది పోగు ఒకటి కదిలింది. ముగ్గురూ అదాటున ఉలిక్కిపడ్డారు.

"సరే" అంది డైరెక్టర్ గారు, లేవకుండానే. "గోడ తీయించండి."